దుమ్ము తినే ఏడు సంచులు

గోదావరిఖని వెళ్ళొచ్చానంటే మా కాలేజీలో అందరూ ఒకటే అడిగారు, "అక్కడ చూడ్డానికేముందండీ?" అని. నేను చూడ్డానికి వెళ్ళలేదు. మూడు నెలల కిందట అక్కడా, చుట్టుపక్కల ఊళ్ళల్లోనూ వేలాడదీసి వచ్చిన ఏడు సంచులు తెచ్చుకోవడానికి వెళ్ళాను. ఈ జవాబు వినగానే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యకుండా టీ తాగేసి లేచిపోయేవారు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చదివేవాళ్ళు మధ్యలో లేచిపోయినా నాకు కనబడదు.

నేను తెనాలిలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్తాను. నలభై దాటాక, ఇంట్లో అందరూ ఇప్పుడెందుకన్నా వినకుండా, పరిశోధనలో చేరాను. నా విషయం లైకెన్. చెట్ల బెరడు మీద, బండల మీద బూడిదరంగు పొలుసుల్లాగా అంటుకుని ఉంటుంది. సగం బూజు, సగం నాచు, రెండూ కలిసి కాపురం చేస్తుంటాయి. దానికి వేరు లేదు. కావలసినవన్నీ గాలిలోంచే తీసుకుంటుంది, అక్కర్లేనివి కూడా. బొగ్గు మండేచోట, బండ్లు తిరిగేచోట గాలిలో ఇనుము కలిసిన సన్నటి దుమ్ము ఉంటుంది. అది లైకెన్‌లో ఇరుక్కుని ఇక బయటికి రాదు. దాన్ని తెచ్చి అయస్కాంత గుణం కొలిచే యంత్రంలో పెడితే ఆ ఊరి గాలి ఎంత చెడిందో తెలిసిపోతుంది. అడవిలోంచి శుభ్రమైన లైకెన్ తెచ్చి, నైలాన్ వల సంచుల్లో నింపి, ఊళ్ళో వేలాడదీసి, మూడు నెలలాగి విప్పుకుని రావడమే పని. కరెంటు అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు అని పుస్తకాల్లో రాసి ఉంది. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు సంచులు మనుషులున్నచోట కట్టి ఉండరు.

ఒక్కటే నియమం. ఇనుము తగలకూడదు. పటకారు చెక్కది, డబ్బాలు ప్లాస్టిక్‌వి. చీరకు పిన్నీసు కూడా పెట్టుకోకూడదు. పిన్నీసు లేని చీరతో ఐదు రోజులు బస్సులెక్కి దిగడం ఎలా ఉంటుందో చీర కట్టుకునేవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

మా గైడు గారు బయల్దేరే ముందు స్పష్టంగా చెప్పారు. ఏడులో కనీసం నాలుగు రావాలి, అవి కూడా కట్టినచోట కట్టినట్టే ఉండాలి. లేకపోతే ఆ అధ్యాయం పోతుంది. అది పోతే గడువులోగా థీసిస్ ఇవ్వలేను. ఆ గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి అడగడానికి నాకు మొహం లేదు.

అసలు తప్పు కార్తీకమాసంలోనే, సంచులు కట్టినప్పుడే జరిగింది. చేసింది నేనే. ఇదేంటని ఎవరడిగినా సులువుగా అర్థమవ్వాలని ఒకటే చెప్పాను. "ఇది దుమ్ము తింటుంది. ఎంత తిన్నదో మూడు నెలల తర్వాత వచ్చి చూస్తాను." ఏడుచోట్లా ఇదే మాట. ఎంత బాగా చెప్పానో అని మురిసిపోయాను కూడా.

జ్యోతినగర్‌లో తెల్లటి సంచి

గోదావరిఖని పక్కనే జ్యోతినగర్‌లో మా పెదనాన్నగారబ్బాయి ప్రసాదన్నయ్య ఉంటాడు. పవర్ ప్లాంటులో ఇంజనీరు. పాతికేళ్ళ కిందట వచ్చినా ఇంట్లో ఇప్పటికీ గోంగూర గుంటూరు నుంచే రావాలి, కారం నరసరావుపేట నుంచే రావాలి. క్వార్టర్ల ముందు స్కూటర్లు వరసగా, చెట్లకు సున్నం, రోడ్లు ఊడ్చినట్టు ఉంటాయి. మొదటి సంచి వాళ్ళ బాల్కనీలో కట్టాను. సొంత మనుషులు కదా, దీనికి ఢోకా లేదనుకున్నాను.

లలిత వదిన గుమ్మంలోనే చెయ్యి పట్టుకుని బాల్కనీకి తీసుకెళ్ళింది. "చూడు భారతీ, ఎలా తయారైందో పాపం నీ సంచి! మసిబారిపోయింది. నువ్వొస్తున్నావని నిన్న సబ్బుపొడిలో నానబెట్టి, నాలుగు నీళ్ళు జాడించి ఆరేశాను."

సంచి తళతళా మెరుస్తోంది. లోపల లైకెన్ తవుడైపోయింది.

"ఎన్ని నల్లటి నీళ్ళొచ్చాయో తెలుసా!" అంది వదిన గర్వంగా.

"ఆ నీళ్ళేం చేశావు వదినా?"

"తులసికోటలో పోశాను."

నేను తులసికోట వైపు చూశాను. మూడు నెలల జ్యోతినగర్ గాలి అందులో ఉంది. మొక్క మాత్రం దివ్యంగా ఉంది. అన్నయ్య పేపరు దించి, "మట్టి తవ్వి కొలవచ్చేమో చూడు" అన్నాడు. ఇంజనీర్ల మాటలో హాస్యమెంతో సలహా ఎంతో చెప్పడం కష్టం. రాత్రికి వదిన నాకిష్టమని గుత్తొంకాయ చేసింది, నేను కోపాన్ని పక్కన పెట్టి రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఇంకా ఆరున్నాయి కదా అనుకున్నాను.

గోదావరిఖని, అద్దానికి వేలాడేది

మర్నాడు పొద్దున్నే ఓదెలు ఆటో తెచ్చాడు. కార్తీకంలో నన్ను ఊరంతా తిప్పింది అతనే. రెండో సంచి ఆటోస్టాండు దగ్గర వేపచెట్టుకు కట్టి, చూస్తుండమని అతనికే అప్పగించాను. బాగానే చూశాడు. రోజంతా కళ్ళముందే ఉంచుకున్నాడు. ఆటోలో అద్దానికి వేలాడుతోంది.

"ఓదెలూ, చెట్టుకు కదా కట్టాను?"

"అవ్ మేడం. చెట్టుకేం దుమ్ము మేడం, దుమ్మంత నాకు. పొద్దుగాల నుంచి పొద్దుమూకేదాక టిప్పర్ల ఎన్క నడుపుత. గందుకే తెచ్చి గీడ కట్టిన. మస్తు తిన్నది."

"ఇప్పుడిది ఏ ఊరి గాలని రాసుకోవాలి నేను?"

"అన్ని ఊర్లు రాస్కో మేడం. రామగుండం, ఖని, మంచిర్యాల, పెద్దపల్లి. ఒక్కసారి వేములవాడ గూడ పోయిన."

కోప్పడదామనుకున్నాను. కానీ అతను ముక్కు ఎగబీల్చి చూపించి, "సూడు, సాఫ్ అయింది" అన్నాడు సంతోషంగా. దుమ్ము తినే వస్తువు ఒకటి చేతికొస్తే, రోజంతా దుమ్ములో బతికే మనిషి దాన్ని చెట్టుకెందుకు వదిలేస్తాడు? ఈ ప్రశ్న నాకు కార్తీకంలో రాలేదు. ఆ పూట కూడా సరిగ్గా రాలేదు, మూడు రోజుల తర్వాత వచ్చింది. అప్పటికి మాత్రం పళ్ళు కొరుక్కుని ఆటో ఎక్కాను.

చౌరస్తాలో సత్తన్న హోటల్ ముందు మూడో సంచి. దూరం నుంచే చూసి పరుగున వెళ్ళాను. సంచి పక్కనే నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు ఇనుప తీగకు గుచ్చి వేలాడుతున్నాయి. దిష్టికి.

"దుకాణానికి దిష్టి తగలకుండానా?" అన్నాను.

సత్తన్న నన్ను వింతగా చూశాడు. "దుకాణానికెందుకు మేడం? నీ సంచికే. చాయ్ తాగెటోళ్ళంత గిదేంది గిదేందని దాన్నే సూస్తున్నరు. మూడు నెలలు గన్ని కండ్లు పడితే దిష్టి తగలదా? వారం వారం మార్చిన."

నా సంచికి ఇంత కాపలా కాసినవాళ్ళు ఇంకెవరూ లేరు. అదృష్టం కొద్దీ మిరపకాయల తీగ కాస్త దూరంగా మేకుకు ఉంది, సంచిని తగల్లేదు. నేను బల్లెక్కి చెక్క పటకారుతో సంచి విప్పుతుంటే జనం మూగారు. ఒకావిడ ముందుకొచ్చి, "అమ్మా, అయిపోయినంక మా ఇంటికి గూడ రా, మా బర్రె పాలు కట్టేసింది" అంది. నేను మంత్రాలు వేసేదాన్ని కాదంటే నమ్మలేదు. ఇనుము ముట్టని, చెక్క పటకారుతో సంచులు దించే ఆడమనిషిని నేను చూసినా అలాగే అనుకుంటాను.

సత్తన్న చాయ్ పది రూపాయలు. మా తెనాలిలోనూ పదే, కాకపోతే అక్కడ గ్లాసు నిండదు. మొత్తానికి ఒక సంచి దక్కింది.

నాలుగోది చౌరస్తా వెనక సందులో, కనకక్క ఇంటి ముందు కిటికీకి కట్టాను. బొగ్గు బావిలో పనిచేసి రిటైరైన రాజమొగిలి గారి భార్య ఆవిడ. ఇల్లు తాళం వేసి ఉంది. కిటికీకి సంచి లేదు. నేను కట్టిన నైలాన్ దారం ముక్క మాత్రం ఉంది.

"దవాఖానకు పోయిండ్రు. ఆయనకు దమ్ము ఎక్కువైంది, ఊపిరాడుత లేదు" అంది పక్కింటావిడ. "మంగళారం వస్తరు. ఫికర్ చెయ్యకు, నీ సంచి పైలంగనే ఉంది."

ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.

నస్పూర్ బగారా

గోదావరి వంతెన దాటి నస్పూర్. మూడోరోజు ఆదివారం, గని క్వార్టర్లలో ఏ ఇంట్లో చూసినా మసాలా వాసన. ఐదో సంచి సరోజక్క ఇంటి వరండాలో కట్టాను. వాళ్ళాయన ఇప్పటికీ బావిలోకి దిగుతాడు, ఆ రోజు సెకండ్ షిఫ్టుకు వెళ్ళబోతూ బూట్లు తొడుక్కుంటున్నాడు.

సరోజక్క కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది, సంచి ఊసెత్తలేదు. నేనే అడిగాను.

"అదా? మా పక్కింటి బేగం చూసి నవ్విందక్క. నీకు పిచ్చా, గిది పత్తర్ కా ఫూల్, మసాలల వేస్తరు, దుకాణంల గింతంతకే మస్తు పైసలు తీస్కుంటరు, నువ్వు బయట ఎండకు కట్టినవ్ అన్నది."

బేగం గారి మాటలో తప్పేమీ లేదు. రాతిపువ్వు అని మనం బిర్యానీలో వేసుకునేది లైకెనే. ఈ సంగతి నేను ఏటా క్లాసులో చెప్తాను. పిల్లలు నిద్రలోంచి లేచేది ఆ ఒక్క వాక్యానికే.

"అక్కా, అది దుమ్ము తినడానికి కట్టింది. దాన్ని మీరు తిన్నారా?"

"మంచిగ కడిగిన. అయినా," అని ఆయన వైపు చూపించింది, "ఇరవై ఏండ్ల సంది బాయిల దిగుతుండు. ఆయన తినని దుమ్మా?"

ఆయన బూటు తాడు కట్టుకుంటూ, "రుచి మాత్రం మంచిగున్నది మేడం" అన్నాడు.

నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఏమైనా మిగిలిందా, చిటికెడున్నా చాలు అన్నాను. సరోజక్క మొహం వెలిగింది. "అయ్యో, నువ్వొస్తవని పిరికెడు ఆపిన గదా! నీ వస్తువు నీకు పెట్టకుంట ఎట్ల? ఇయ్యాల మటన్ల అదే వేసిన."

మటన్ పళ్ళెంలోకి వచ్చింది, పక్కన బగారా అన్నం. ఆలోచించాను. కొలవడానికి ఇంకేమీ మిగల్లేదు. వద్దంటే ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది. మూడు నెలల నస్పూర్ గాలిని బగారాతో కలుపుకుని తిన్నాను. నిజం చెప్పాలంటే అంత మంచి మటన్ ఈమధ్య నేను తినలేదు. మా వైపు కొబ్బరి, గసగసాలు దట్టించి అసలు రుచి చంపేస్తాం, ఇక్కడ వాళ్ళు మాంసాన్ని మాంసంగా ఉండనిస్తారు.

చేయి కడుక్కుని లెక్క వేసుకున్నాను. ఒకటి ఉతికారు, ఒకటి ఊరేగించారు, ఒకటి తిన్నారు, అందులో నేనూ ఉన్నాను. చేతిలో ఒకటి. ఇక మిగిలిన మూడూ దక్కాల్సిందే.

కమాన్‌పూర్‌లో మూడు షిఫ్టులు

కమాన్‌పూర్ పక్కన నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనులు. పొలాల వెనక తవ్విపోసిన మట్టిగుట్టలు కనిపిస్తుంటాయి. కొత్తవాళ్ళు కొండలనుకుంటారు, నేనూ మొదటిసారి అనుకున్నాను. ఆరో సంచి పాలకేంద్రం ముందు రేకుల షెడ్డు చెక్క వాసానికి కట్టాను. అక్కడ రోజూ కూర్చునే రిటైరైన గని కార్మికుడు కొమురయ్య కాకకు చెప్పి వచ్చాను.

వెళ్ళేసరికి షెడ్డు కింద ఇద్దరు ముసలివాళ్ళు సంచివైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నారు. నేను సంచి మీద చెయ్యి వెయ్యబోతే ఒకాయన లేచి నిలబడ్డాడు.

"ముట్టద్దు. కాక రావాలె."

కొమురయ్య కాక చేతిలో నోటుబుక్కుతో వచ్చాడు. అది మస్టరు. గనిలో హాజరు వేసే పుస్తకాన్ని అలాగే అంటారు. నా సంచికి మూడు షిఫ్టుల డ్యూటీ వేశాడు. పొద్దున ఫస్ట్ షిఫ్టు ఇద్దరు, మధ్యాహ్నం సెకండ్ షిఫ్టు ఇద్దరు, మూడో షిఫ్టు పాలకేంద్రం అరుగు మీదే పడుకునే ఆయన. మూడు నెలలూ సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. మధ్యలో ఒకచోట ఎర్ర సిరాతో గీత.

"రాజలింగు. ఒక్కనాడు గైర్‌హాజర్. బిడ్డ పెండ్లి అన్నడు. సెలవు చీటీ లేదు" అన్నాడు కాక. రాజలింగు అక్కడే ఉన్నాడు, తల వంచుకున్నాడు.

"కాకా, దీనికి కాపలా అక్కర్లేదని చెప్పాను కదా."

"తింటదన్నవు గదా బిడ్డా. తినేది ఏదున్నా దాని పక్కన మనిషి ఉండాలె. మేం ముప్పై ఏండ్లు బాయిల చేసినం, ఏ మిషన్ దగ్గర మనిషి లేకుంట వదిలిపెట్టలే."

ఇంతలో దూరంగా గనిలో బ్లాస్టింగ్ జరిగింది. రేకులు గడగడలాడాయి. ముసలివాళ్ళంతా ఒక్కసారి సంచివైపు తిరిగారు. "గిప్పుడు సూడు, గిప్పుడు తింటది" అన్నాడు రాజలింగు ఊపిరి బిగబట్టి. నేనూ చూశాను. ఏమీ జరగలేదు, జరగదు కూడా. అయినా అందరం చాలాసేపు అలా చూస్తూనే ఉన్నాం.

సంచి చెక్కుచెదరలేదు. మస్టరులో 'అప్పగించితిమి' అన్నచోట సంతకం పెట్టి తీసుకున్నాను. ఎవరింట్లోంచో మక్కగారెలు, అంటే మొక్కజొన్న గారెలు, వచ్చాయి, వేడిగా, అల్లం ఘాటుతో. మేం గారెలంటే మినప్పప్పే అనుకుంటాం. లేచి వస్తుంటే కాక అడిగాడు, "మరి రిలీవర్ ఏది?" డ్యూటీ దిగేవాడి స్థానంలో ఇంకొకడు ఎక్కాలట. నా దగ్గర ఒక ఖాళీ సంచి ఉంటే అదే షెడ్డుకు కట్టాను. తినదని చెప్పాను. "ట్రెయినింగ్‌ల ఉన్నట్టు రాస్త" అన్నాడు కాక.

మంథని మడి

మంథని చేరేసరికి నాలుగోరోజు మధ్యాహ్నం. శేషయ్య పంతులుగారిది తరాలుగా ఆ ఊళ్ళో ఉన్న కుటుంబం. గుడిలో అర్చన, బళ్ళో తెలుగు చెప్పడం, కాస్త పొలం. ఏడో సంచి వాళ్ళింటి పెరటి వసారాలో కట్టాను. కట్టేటప్పుడు ఇనుము తగలకూడదన్న నియమం కాస్త గట్టిగానే చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

ఇప్పుడు చూస్తే వసారా తలుపుకుండే ఇనుప కొక్కెం లేదు. దాని చోట ఇత్తడిది ఉంది. చుట్టూ నేలమీద ముగ్గుతో గీత ఉంది. ఆ గీత లోపలికి మూడు నెలలుగా ఎవరూ అడుగు పెట్టలేదట.

"మీది ఇనుము మడి. మాకు మడి కొత్తనా?" అన్నారు పంతులుగారు. "పనిమనిషిని గూడ కత్తిపీట పట్టుకొని అటు పోవద్దన్నం. మా ఇంటామె అరిటాకు కోయాలంటే పెరట్లకు చుట్టు తిరిగి పోయింది."

లోపల్నుంచి ఆవిడ గొంతు వినిపించింది, "మూడు నెలలు తిరిగిన!" అని.

నాకు కళ్ళమ్మట నీళ్ళు తిరిగినంత పనైంది. నా శాస్త్రాన్ని ఇంత చక్కగా పాటించినవాళ్ళు మా విశ్వవిద్యాలయంలోనే లేరు. పటకారు తీసి గీత దాటబోయాను. పంతులుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"మీ పైటకు అదేంది?"

పిన్నీసు. ఆ రోజు బస్సులో నిలబడాల్సి వచ్చి, పైట జారిపోతుంటే, ఎవరు చూస్తారులే అని పొద్దున్నే పెట్టుకున్నాను. దొరికిపోయాను. తీసి బయట గట్టుమీద పెట్టాను. కాళ్ళూ చేతులూ కడుక్కొచ్చేదాకా ఆయన గీత దగ్గరే నిలబడ్డారు. ఆ తర్వాత పచ్చిపులుసుతో అన్నం పెట్టారు. అన్నం తింటున్నంతసేపూ ఆవిడ నా పైట వైపు అనుమానంగానే చూసింది.

మూడు సంచులయ్యాయి. ఇంకొక్కటి కావాలి.

కనకక్క ఇల్లు

మంగళవారం పొద్దున్న మళ్ళీ గోదావరిఖని. ఓదెలు సందు మొదట్లో దింపాడు. తలుపు తీసే ఉంది. కనకక్క నన్ను చూసి, "రా చెల్లె, రా. స్నానం చేస్తవా? నీళ్ళు కాగి ఉన్నయి" అంది. మాఘమాసం చలికి ఆ మాట ఎంత హాయిగా ఉందో. ఇక్కడ ముందు స్నానానికి నీళ్ళిస్తారు, తర్వాతే చాయ్. నన్ను చూసిన మొదటిరోజు నుంచీ 'నువ్వు' అనే పిలుస్తుంది. మొదట నాకు చురుక్కుమంది, తర్వాత అలవాటైంది, ఇప్పుడు ఎవరైనా 'మీరు' అంటే దూరం పెట్టినట్టుంది.

లోపల గదిలో మంచం మీద రాజమొగిలి గారు దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు భూమి లోపల పనిచేసిన మనిషి. ఊపిరి తీసుకోవడం ఇప్పుడు ఆయనకు ఒక పని. ఆయన తలమీద, దూలానికి, నా సంచి.

"అక్కా, కిటికీ బయట కట్టాను కదా."

"బయట తింటే మాకేం లాభం చెల్లె? దుమ్ము తింటదన్నవు. మీ బావ పక్కన ఉంటె ఆయనకు తక్కువ పోతది గదా అని నువ్వు పోయిన తెల్లారే మంచం మీద కట్టిన."

ఓదెలును తిట్టలేదు, సరోజక్కను తిట్టలేదు. కనకక్కనూ తిట్టలేకపోయాను. సిగ్గు వేసింది. సులువుగా చెప్పాలన్న సరదాలో నేను ఎంత పెద్ద ఆశ కట్టి వెళ్ళానో అప్పుడు తెలిసింది. కూర్చుని నిజం చెప్పాను. ఇది గాలిని శుభ్రం చెయ్యదు. పడ్డ దుమ్మును దాచుకుంటుంది, అంతే. ఊపిరితిత్తులకు దీనివల్ల ఏ మేలూ లేదు. నేను తప్పుగా చెప్పాను.

కనకక్క మొహంలో ఏమీ మారలేదు. "గట్లనే అంటవు. ఈ నడుమ రాత్రి జెర పండుతుండు. నేనియ్య."

బజార్లో రాతిపువ్వు కొనిచ్చి కొత్త సంచి కట్టిస్తానన్నాను. "మసాలది నాకెందుకు?" అంది. నాకు ఆ సంచి ఎందుకు కావాలో చెప్పాను. మూడున్నాయి, నాలుగోది లేకపోతే అధ్యాయం లేదు, గడువు లేదు. ఆవిడకు నామీద జాలేసింది కానీ లేచి విప్పలేదు.

అప్పటిదాకా మాట్లాడని రాజమొగిలి గారు చెయ్యెత్తారు. ఒక్కో మాటకు ఆగుతూ అడిగారు.

"మేడం. తిన్నదెంతో కొలిచి చెప్తవా?"

"చెప్తానండీ."

"నేనెంత తిన్ననో డాక్టర్లు ఫొటో తీసి చెప్పిండ్రు. ఇది నా పక్కన పండుకొని ఎంత తిన్నదో నాకు తెల్వాలె. కనకా, ఇయ్యి."

ఆవిడ మంచమెక్కి తన చేత్తోనే విప్పింది. చేతికి గాజులు మట్టివే, పిన్నీసు లేదు, నేను చూసుకున్నాను. ఆ సమయంలో కూడా అదే చూసుకున్నందుకు ఇప్పుడు నామీద నాకే చిరాకు.

ఆటోలో కూర్చున్నాక సంచికి కట్టే చీటీ తీశాను. 'కట్టినచోటు' అన్నదాని ఎదురుగా పెన్సిలుతో 'ఇంటి ముందు కిటికీ' అని రాశాను. మూడు నెలల కిందట కట్టింది అక్కడే కదా, అబద్ధమేముంది అనుకున్నాను. పెన్నుతో రాయడానికి చెయ్యి రాలేదు.

తెనాలిలో యంత్రం ముందు

లాబులో నాలుగు సంచులూ ఒకటొకటిగా యంత్రంలో పెట్టాను. మంథనిది అన్నిటికంటే తక్కువ. కమాన్‌పూర్‌ది దానిపైన. చౌరస్తాది ఇంకా పైన. ఇక్కడిదాకా అంతా నేను అనుకున్నట్టే. కనకక్క సంచి పెట్టాను. చౌరస్తాను దాటిపోయింది. మళ్ళీ పెట్టాను. యంత్రాన్ని తుడిచి మళ్ళీ పెట్టాను. అదే మాట.

సందు చివర ఇంటి కిటికీలో గాలి, టిప్పర్లు తిరిగే చౌరస్తా కంటే చెడ్డదా? అలా రాస్తే అధ్యాయం నిలబడటమే కాదు, నలుగురూ మాట్లాడుకుంటారు. పెన్ను తీశాను. అప్పుడు చెవిలో వినిపించింది, "స్నానం చేస్తవా? నీళ్ళు కాగి ఉన్నయి."

ఏ పొయ్యి మీద కాగాయి? స్నానాల గది పక్కన బొగ్గు నింపిన బకెట్టు నేను చూశాను. దాన్ని జరిపి మరీ చెంబు అందుకున్నాను. గాలి చదవడానికి నాలుగు వందల కిలోమీటర్ల దూరం వెళ్ళిన మనిషిని, నెత్తిన పోసుకున్న వేడినీళ్ళను చదవలేకపోయాను.

పెన్సిలు రాత చెరిపేశాను. గైడు గారికి ఫోన్ చేసి మూడే వచ్చాయని చెప్పాను. ఆయన "గడువుకు మళ్ళీ అర్జీ పెట్టండి. కారణాల్లో ఉతకడం, వండుకోవడం రాయకండి. అనివార్య కారణాలు అని రాయండి" అన్నారు. లేని మొహం తెచ్చుకుని పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.

తర్వాత కనకక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, నీళ్ళు కాచే పొయ్యి ఎక్కడుంది?"

"మీ బావ గది గోడ ఎన్క. ఎందుకు?"

"ఆ గోడకు కిటికీ ఉందా?"

"ఉన్నది. సలికాలం గదా చెల్లె, కిటికీ తెరిచి పెడ్త. ఆయనకు వెచ్చగ ఉంటదని."

నెమ్మదిగా చెప్పాను. బొగ్గు పొగలోని దుమ్మంతా ఆ కిటికీలోంచి ఆయన మంచం మీదికే వస్తోందని. సంచిలో దొరికింది అదేనని. పొయ్యి పెరట్లో దూరంగా పెట్టమని, ఆ కిటికీ మూసెయ్యమని, ఆ సంగతి డాక్టరుకు కూడా చెప్పమని.

"అంటే," అంది కనకక్క, "తిన్నదన్నట్టే గదా."

"తిన్నదక్కా. చౌరస్తాలో కట్టినదానికంటే ఎక్కువ తిన్నది."

ఫోన్ పక్కకు పెట్టి ఆయనతో గట్టిగా చెప్పడం వినిపించింది, "ఏమయ్యో, చౌరస్తా కన్న ఎక్కువ తిన్నదట!" అని. దగ్గు వినిపించింది. దాని చివర చిన్న నవ్వు కూడా వినిపించింది.

ఆవిడ మళ్ళీ ఫోన్ అందుకుంది. "పొయ్యి రేపే పెరట్లకు మారుస్త. కిటికీ గూడ మూస్త. నువ్వు ఇంకో సంచి పంపు."

"అక్కా, చెప్పాను కదా, దానివల్ల మేలు..."

"మేలు లేదని చెప్పినవు, ఇన్న. మేలుకు గాదు. పొయ్యి తీసినంక గదే జాగల గట్లనే మూడు నెలలు కడ్త. అప్పుడెంత తింటదో సూడాలె గదా? సూడకుంట పొయ్యి మార్చి, తక్కువైందని ఎట్ల అనుకోవాలె?"

ఆరేళ్ళుగా పరిశోధన చేస్తున్నాను. ఇది నాకు తట్టలేదు.

మర్నాడే సంచి పోస్టులో పంపాను. చీటీలో 'కట్టినచోటు' అన్నదాని ఎదురుగా ఈసారి పెన్నుతోనే రాశాను, 'రాజమొగిలి గారి మంచం పైన' అని.